మీ దగ్గరున్న ముక్క బయటపెట్టండి

ఒకే బల్ల చుట్టూ కూర్చుని మూడు గంటలపాటు ఒకే కేసుతో కుస్తీ పట్టిన నలుగురిని, ఆట ఎలా ఉందని అడిగి చూడండి. ఒకరు "అబ్బ, అదిరింది" అంటారు. ఇంకొకరు "బాగానే ఉంది గానీ చదవడమే ఎక్కువైంది" అంటారు. మూడోవారు "మనం తిరిగిన చోట్లకీ చివర్లో అడిగిన ప్రశ్నలకీ పొంతనే లేదు" అని గొడవకు దిగుతారు. నాలుగోవారు ఫోన్ చూసుకుంటూ "ఆఁ, పర్లేదు" అంటారు. ఎవరి అభిరుచి వారిది అని మనం అక్కడితో వదిలేస్తాం. నేను వదలను. ఆ మూడు గంటల్లో ఎవరి మాట ఎంత చెల్లిందో గమనిస్తే, ఎవరు ఆటను మెచ్చుకుంటారో, ఎవరు విసుక్కుంటారో ఆట ముగియకముందే చెప్పేయొచ్చు. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఆ ఒక్క సంగతే. అది ఆటకు ఎంత పనికొస్తుందో ఇంటికీ, ఆఫీసుకూ, ఊరికీ అంతే పనికొస్తుంది.

ముందు ఆట గురించి తెలియనివారి కోసం నాలుగు మాటలు. చదరంగమైనా, క్యారమ్స్ అయినా, అష్టాచెమ్మా అయినా ఎదుటివాడిని ఓడించాలి. మిస్టరీ ఛేదించే ఈ ఉమ్మడి ఆటల్లో ఎదుటివాడే ఉండడు. ఆడేవాళ్లందరూ ఒకే పక్షం. గెలుపైనా ఓటమైనా అందరిదీ. ఎదురుగా ఉండేది ఒక నేరం, దాని చుట్టూ బోలెడు కాగితాలు. 1981లో అమెరికాలో వచ్చిన 'షెర్లాక్ హోమ్స్ కన్సల్టింగ్ డిటెక్టివ్' వీటిలో పాతకాపు. పెట్టె తెరిస్తే పాచికలుండవు, పావులుండవు. లండన్ పటం, నగరవాసుల చిరునామాల పుస్తకం, ఆనాటి వార్తాపత్రిక, కేసు పుస్తకం ఉంటాయి. ఎవరింటి తలుపు తట్టాలో మీరే తేల్చుకోవాలి. వెళ్లిన చోట ఏం జరిగిందో పుస్తకంలో ఉంటుంది. ఒకరు పైకి చదువుతారు, మిగతావాళ్లు వింటారు. కేసు తేలిపోయిందనుకున్నాక చివరి ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. ఆ తర్వాత హోమ్స్ తన పద్ధతి వివరిస్తాడు. ఆయనకు 100 మార్కులు. ఆయనకన్నా మీరు ఎన్ని చోట్లు ఎక్కువ తిరిగితే చోటుకు 5 చొప్పున మీ మార్కుల్లో కోత పడుతుంది. జర్మనీలో ఏటా ఉత్తమ ఆటకు ఇచ్చే 'ష్పీల్ డెస్ యారెస్' పురస్కారం 1985లో దీనికే దక్కింది.

2018లో పోలండ్ నుంచి వచ్చిన 'డిటెక్టివ్: ఎ మోడర్న్ క్రైమ్ బోర్డ్ గేమ్' ఇంకో మెట్టు పైన ఉంటుంది. అందులో కంప్యూటర్లో ఓ పోలీసు రికార్డుల వెబ్‌సైటు తెరిచి వేలిముద్రలు, పాత ఫైళ్లు పోల్చుకోవాలి. వెళ్లిన ప్రతి చోటికీ గంటల లెక్క ఉంటుంది. డ్యూటీ వేళ దాటి పనిచేస్తే ఒత్తిడి పెరుగుతుంది. దీన్ని నెత్తిన పెట్టుకునేవాళ్లున్నారు. "ఆఫీసు పనే మళ్లీ ఇంట్లో చేసినట్టుంది" అని మూత పెట్టేసినవాళ్లూ ఉన్నారు.

ఆడినవాళ్ల ఫిర్యాదుల్లో కొన్నిటితో నేను ఏకీభవిస్తాను. హోమ్స్ లెక్క అందులో మొదటిది. ఆయన నాలుగైదు చోట్లకే వెళ్లి, మనకు తట్టడానికి వీల్లేని ఊహతో ముడి విప్పేస్తాడు. దాంతో పోల్చుకుని నిరుత్సాహపడడం వృథా. ఆ మార్కులు పక్కన పెట్టేయండి. మనం అడగాల్సింది "నిజం తేల్చామా, అందరం కలిసి తేల్చామా" అనే. ఒకసారి ఆడిన కేసు మళ్లీ ఆడలేమన్నది రెండో ఫిర్యాదు. అదీ నిజమే. ఆడేసిన పెట్టె ఇంకో ఇంటికి ఇచ్చేయండి, ఖర్చు సార్థకమవుతుంది. మూడో ఫిర్యాదు మాత్రం ఆట మీద వేయాల్సింది కాదు. "ఒక్కడే ఆడేశాడు, మేం కూర్చుని చూశాం" అన్నదే అది. అన్ని ఫిర్యాదుల్లోకీ బరువైనది అదే.

దాన్ని నేను దగ్గర్నుంచి చూసింది ఏటూరునాగారంలో. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2019 ఫిబ్రవరి నుంచి ములుగు జిల్లా. ఒకపక్క గోదావరి, ఇంకోపక్క అభయారణ్యం. మా బంధువుల ఇంటికి దసరా సెలవులకు హైదరాబాద్‌ నుంచి వచ్చిన ఓ అబ్బాయి ఇలాంటి పెట్టె తెచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆటలంటే ప్రాణం. చాప మీద పటం పరిచాడు. చుట్టూ అతని మేనమామ, ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన మనిషి. స్కూల్లో పాఠాలు చెప్పే పిన్ని. పక్కింటి కోయ అమ్మాయి, ఆశ్రమ పాఠశాలలో చదివి ఇప్పుడు నర్సింగ్ చేస్తోంది. కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. కాబట్టి అబ్బాయి చదవడం, తెలుగులో చెప్పడం. మొదటి పావుగంట బాగానే సాగింది. ఆ తర్వాత చదవడం తగ్గి సారాంశం పెరిగింది. "ఇదేం ముఖ్యం కాదు" అని పేరాలకు పేరాలు దాటేస్తున్నాడు. ఎవరిని కలవాలో తనే అంటున్నాడు, పేజీ తనే తిప్పుతున్నాడు.

మేనమామ పత్రిక మీద ఓ మూలన వేలు పెట్టి అడిగారు. "గీ బండి ఎన్నింటికని రాసిండురా ఈడ?"

"అదేం లేదు మామా, ఉత్త అడ్వర్టైజ్‌మెంట్."

కాసేపాగి ఆయన మళ్లీ అడిగారు. ఈసారి ఎవరూ జవాబు చెప్పలేదు. ఇక ఆయన అడగలేదు. గోడకు ఆనుకున్నారు. కేసు వివరం చెబితే మీ ఆట చెడుతుంది కనుక చెప్పను గానీ, చివర్లో జవాబు చదువుతుంటే ఆ బండి టైమే అసలు తాళమని తేలింది. జీవితమంతా బండ్ల టైములతో బతికిన మనిషికి ఆ అంకె దగ్గర కన్ను ఆగింది. ఆగాల్సిన చోటే ఆగింది. నర్సింగ్ అమ్మాయి అయితే ఆట ముగిశాక నెమ్మదిగా అంది: "అన్నా, ఆ మందు డబ్బా సంగతి చదివినప్పుడే నాకు అనుమానమొచ్చింది. మీరు ముందుకు వోయిండ్రు గదా అని ఊకున్న."

అబ్బాయి చెడ్డవాడు కాదు, గర్విష్ఠి కాదు. అందరికీ ఆట రుచి చూపించాలనే ఆత్రంతో వచ్చాడు. కానీ మన ఊళ్లలో ఈ ఆటలకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. కాగితం ఇంగ్లీషులో ఉంటే, ఇంగ్లీషు చదవగలిగినవాడే పెద్ద అయిపోతాడు. ఏది ముఖ్యమో, ఏది కాదో అతని నోటి దగ్గరే తేలిపోతుంది. ఎవరూ అతనికి ఆ పెత్తనం ఇవ్వలేదు, అతనూ అడగలేదు, భాష ఇచ్చేసింది. బ్యాంకు కాగితం, ఆసుపత్రి రిపోర్టు, భూమి పత్రం వచ్చినప్పుడు మన ఇళ్లలో జరిగేది కూడా ఇదే కదా.

ఇంకో కారణం మన చదువులో ఉంది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ను చదివిన తరం మనది, కాకపోతే మన నాన్నలది. అక్కడ యుగంధర్‌కు అన్నీ తెలుస్తాయి, అసిస్టెంట్ రాజు ప్రశ్నలు అడుగుతాడు. ఆ నవలలు నాకూ ఇష్టమే. కానీ బల్ల దగ్గర కూర్చున్నప్పుడు మనలో ఒకరు యుగంధర్ అయితే చాలన్న భావం మనసులో ఎక్కడో ఉంటుంది. మిగతా ముగ్గురూ రాజులైపోతారు. ఉమ్మడి ఆటలో ఆధారాలు ఒక్క మెదడు కోసం రాసినవి కావు. బండి టైము దగ్గర ఒకరి కన్ను, మందు డబ్బా దగ్గర ఇంకొకరి కన్ను ఆగితేనే కేసు తేలుతుంది.

అందరికీ తెలిసిందే అందరూ మాట్లాడతారు

దీనిమీద గట్టి పరిశోధన ఉంది. 1985లో గారొల్డ్ స్టాసర్, విలియం టైటస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో విద్యార్థుల బృందాలకు ఒక పని అప్పగించారు. విద్యార్థి సంఘానికి అధ్యక్షుడిగా ముగ్గురు అభ్యర్థుల్లో ఒకరిని ఎంచుకోవాలి. అందరికన్నా యోగ్యుడైన అభ్యర్థి మంచి గుణాలను ముక్కలు చేసి ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చారు. ఇంకో అభ్యర్థి మంచి గుణాలు మాత్రం అందరికీ తెలిసేలా చూశారు. అందరూ తమ ముక్కలు బయటపెడితే యోగ్యుడే గెలవాలి. అలా జరగలేదు. బృందాలు ఎంతసేపూ అందరికీ ముందే తెలిసిన విషయాల చుట్టూనే తిరిగాయి. ఒక్కరికే తెలిసిన విషయం ఒకసారి వినబడి మాయమైంది, లేదా నోటి దాకా రాలేదు.

కారణం ఊహించడం కష్టం కాదు. నేను చెప్పింది మీకూ తెలిసిందే అయితే మీరు తల ఊపుతారు, నాకు ధైర్యం వస్తుంది. నాకొక్కడికే తెలిసింది చెబితే తల ఊపేవాడుండడు. ఆ నిశ్శబ్దం చూసి, ఇదేదో పనికిరాని మాటేమో అనుకుని నేనే వెనక్కి తగ్గుతాను.

1992లో స్టాసరే డెనిస్ స్టువర్ట్‌తో కలిసి మరో ప్రయోగం చేశారు. ఈసారి ఏకంగా హత్య కేసు. ముగ్గురు అనుమానితులు, సాక్షుల వాంగ్మూలాలు. కొన్ని ఆధారాలు అందరికీ, కొన్ని ఒక్కొక్కరికే ఇచ్చారు. కొన్ని బృందాలకు "దోషిని తేల్చడానికి సరిపడా ఆధారాలు మీ దగ్గరున్నాయి, ఛేదించండి" అన్నారు. మిగతా బృందాలకు "ఆధారాలు చాలకపోవచ్చు, ఎవరై ఉంటారో మీకు తోచింది చెప్పండి" అన్నారు. మొదటి రకం బృందాలే ఎక్కువగా దోషిని పట్టుకున్నాయి. జవాబు ఉందని తెలిస్తే మనిషి వెతుకుతాడు, అభిప్రాయమే చాలంటే లెక్కపెట్టి ఓటేస్తాడు. నాకు ఇది చాలా విలువైన ఫలితం. ఇంట్లో ఏదైనా చిక్కు వచ్చినప్పుడు "నువ్వేమంటావ్, నువ్వేమంటావ్" అని వరసగా అడగడానికీ, "మనలో ఎవరికో ఒకరికి ఏదో తెలిసి ఉంటుంది, చెప్పండి" అని కూర్చోబెట్టడానికీ మధ్య ఉన్న తేడా ఇదే.

ఇంకొక్కటి చెప్పి ప్రయోగాలు ఆపేస్తాను. 2009లో కాథరిన్ ఫిలిప్స్, మరో ఇద్దరు పరిశోధకులు కూడా హత్య కేసునే వాడుకున్నారు. ఒకే గుంపుకు చెందిన ముగ్గురి మధ్యకు చర్చ మొదలయ్యాక నాలుగో మనిషిని పంపించారు. కొన్ని బృందాలకు సొంత గుంపు మనిషి, కొన్నిటికి బయటి గుంపు మనిషి. బయటి మనిషి చేరిన బృందాలే ఎక్కువగా సరైన జవాబు చెప్పాయి. కానీ తమ పని అంత బాగా జరగలేదని, తమ జవాబు మీద అంత నమ్మకం లేదని చెప్పిందీ వాళ్లే. అంటే ఆట సాఫీగా సాగిందా, అందరం ఒకే మాట మీద ఉన్నామా అన్నది మంచి కొలత కాదు. కొంచెం ఇబ్బందిగా అనిపించిన బల్ల దగ్గరే బుర్రలు పనిచేసి ఉండవచ్చు.

అడవిలో జరిగిన అసలు మిస్టరీ

మిస్టరీ కావాలంటే ఏటూరునాగారం వాళ్లకు లండన్ దాకా వెళ్లాల్సిన పని లేదు. 2024 ఆగస్టు 31 సాయంత్రం తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో వేల చెట్లు కూలిపోయాయి. ఏటూరునాగారం అభయారణ్యంలో భాగమే అది. అటవీ శాఖ తొలి అంచనా ప్రకారం 50 వేలకు పైగా చెట్లు, సుమారు 500 ఎకరాల మేర. అవే రోజుల్లో రాష్ట్రమంతా భారీ వర్షాలు, ఖమ్మంలో మున్నేరు వరద. కాబట్టి మొదట అందరి చూపూ అటే ఉంది. తర్వాత అడవి దృశ్యాలు బయటికొచ్చాక ప్రశ్న మొదలైంది. ఇది టోర్నడోనా, మేఘాల నుంచి ఒక్కసారిగా కిందికి దూకిన గాలా, మామూలు పెనుగాలా?

ఇక్కడ ఎవరి దగ్గర ఏ ముక్క ఉందో చూడండి. నేల మీద నిలబడిన అటవీ సిబ్బందికి ఏ జాతి చెట్లు పడ్డాయో, వేళ్లతో సహా లేచాయా, మధ్యలో విరిగాయా అన్నది తెలుస్తుంది. పైమట్టి పలచగా ఉండి వేళ్లు లోతుకు దిగకపోవడం కూడా నేల మీద నిలబడ్డవాళ్లకే కనబడుతుంది. చెట్లు మొత్తంగా ఏ తీరులో పడ్డాయన్నది మాత్రం నేల మీంచి తెలియదు. సుడిగాలి తిప్పి పడేస్తుంది, పైనుంచి దూకిన గాలి ఒక చోటు నుంచి నలువైపులకూ తోసేస్తుంది. ఈ తేడాను అమెరికాలో శాస్త్రవేత్త ఫుజితా 1970లలో విమానంలోంచి కూలిన చెట్లను చూస్తూ తేల్చారు. ఆ చూపు కావాలంటే ఉపగ్రహ చిత్రం ఉండాలి. అందుకే హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం సాయం అడగాల్సి వచ్చింది. ఆ సాయంత్రం ఆకాశంలో ఏం నడిచిందో వాతావరణ శాఖ రికార్డులు చెప్పాలి. గాలి ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు ఉంది, ఎటు నుంచి వచ్చింది అన్నది చుట్టుపక్కల గూడేల్లో ఉన్నవాళ్లే చెప్పగలరు. ఈ నలుగురిలో ఎవరికి వారే కేసు తేల్చలేరు. ఒకరి ముక్క చిన్నదనీ, ఇంకొకరిది పెద్దదనీ అనడానికి లేదు.

దానికి కొనసాగింపు ఉంది. 2024 డిసెంబరు 4 ఉదయం ఏడున్నర ప్రాంతంలో ములుగు కేంద్రంగా 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. హైదరాబాద్‌లో కూడా తెలిసింది. మూడు నెలల తేడాతో అదే ప్రాంతంలో రెండు వింతలు. "అప్పుడు చెట్లు పడ్డది ఇందుకేనట" అన్న మాట ఊళ్లు దాటి వెళ్లింది. ఆట ఆడినవాళ్లకు ఈ తప్పు బాగా తెలుసు. బల్ల మీద పక్కపక్కన ఉన్న రెండు కాగితాలకు సంబంధం ఉండి తీరుతుందని మనసు పట్టుబడుతుంది. గోదావరి లోయ కింద పాత పగుళ్లున్నాయి, 1969లో భద్రాచలం దగ్గర కూడా 5.7 తీవ్రతతో భూమి కంపించింది. చెట్లను పడగొట్టింది ఆకాశంలోని గాలి. చోటు ఒక్కటే, కారణాలు వేరు. భయపడిన మనిషి రెండిటినీ కలుపుకోవడం సహజం. అయినా "ఈ రెండిటినీ కలిపే మూడో ఆధారం మన దగ్గరుందా?" అని ఎవరో ఒకరు అడగాలి. ఆ ప్రశ్న అడిగే అలవాటు సెలవు రోజు మధ్యాహ్నం ఆటలో పట్టుబడితే, వాట్సాప్‌లో ఏ కబురు వచ్చినా అదే ప్రశ్న నోట్లోంచి వస్తుంది.

బల్ల దగ్గర పాటించాల్సినవి

చదివేవాడు పూర్తిగా చదవాలి. ప్రకటనలు, తేదీలు, అడుగున చిన్న అక్షరాలు, అన్నీ. తెలుగులో చెప్పేటప్పుడు కుదించకూడదు. చదివినవాడు ఆ వంతులో తన అభిప్రాయం అందరికన్నా చివర చెప్పాలి. ఇంగ్లీషు వచ్చినవాళ్లు ఇద్దరుంటే వంతులు మార్చుకోండి. ఒక్కరే ఉంటే ఆ మనిషి ఆ పూట గొంతు మాత్రమే, ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించే హక్కు మిగతావాళ్లది. ఇది కఠినంగా అనిపిస్తుంది. ఒక్క కేసులో పాటించి చూడండి, మిగతా ముగ్గురూ ముందుకు జరిగి కూర్చుంటారు.

చర్చ మొదలుకాకముందే ప్రతివారూ తమ అనుమానం ఒక చీటీ మీద రాసి మడిచి పెట్టాలి. నోటితో చెప్పిన మొదటి మాట మిగతా మాటలను లాక్కుపోతుంది. రాసిన మాట అలాగే నిలబడుతుంది. చీటీలు విప్పేటప్పుడు చిన్నవాళ్లతో మొదలుపెట్టండి. మన ఇళ్లలో పెద్దాయన ఒక మాట అన్నాక దానికి ఎదురు చెప్పడం మర్యాద కాదనుకుంటాం. ఆ మర్యాద మంచిదే. దాన్ని చెడగొట్టకుండా పిల్లల మాట వినాలంటే వరస మార్చడమే దారి. పెద్దాయన చివర మాట్లాడితే ఆయన గౌరవమూ నిలుస్తుంది, పిల్లల ఆధారమూ దక్కుతుంది.

అడిగే ప్రశ్న మార్చండి. "నీకెవరి మీద అనుమానం?" అంటే మొహమాటస్తులు అందరూ అన్న పేరే చెబుతారు. "మేమెవరం గమనించనిది నువ్వేం గమనించావు?" అంటే తప్పించుకోవడానికి వీలుండదు, భయపడడానికీ కారణం ఉండదు. కండక్టర్ మామయ్యను ఆ ప్రశ్న అడిగి ఉంటే బండి టైము అప్పుడే బల్ల మీదికి వచ్చేది.

ఒక పెద్ద కాగితం మీద చూసింది, విన్నది, ఊహించింది అని మూడు నిలువు వరసలు గీసి ప్రతి ఆధారాన్నీ అందులో ఎక్కించండి. సగం తగాదాలు ఊహను చూసినదాని కింద రాసుకోవడం వల్లే వస్తాయి. గంటకోసారి లేచి టీ తాగండి. అలసిపోయిన బల్ల ఏదో ఒక పేరుకు ఒప్పేసుకుంటుంది.

ఇన్ని నియమాలు పెట్టినా ఒకరి గొంతే మోగుతోందంటే ఆట మార్చండి. 'మిస్టీరియం'లో దెయ్యంగా ఉన్న మనిషి నోరు మెదపకుండా బొమ్మల ద్వారానే సూచనలివ్వాలి. 2013లో జర్మన్ పురస్కారం పొందిన 'హనాబి'లో మీ చేతిలోని ముక్కలు మీకు తప్ప అందరికీ కనబడతాయి. అలాంటి ఆటల్లో ఎంత తెలివైనవాడైనా పక్కవాడి నోటి కోసం ఎదురుచూడక తప్పదు.

మన కేసు మనమే రాసుకుందాం

పెట్టె ఖరీదు వేలల్లో ఉంటుంది, భాష మనది కాదు. కాబట్టి సొంతంగా రాసుకోవడమే నా సలహా. మన పల్లెల్లో దీనికి పునాది ఉంది. సుద్దముక్కతో రచ్చబండ మీద పులి-మేక గీసినప్పుడు మూడు పులులవైపు ఒకడు గుట్టుగా ఆడతాడు. పదిహేను మేకలవైపు ఆడేవాడికి చుట్టూ ఉన్నవాళ్లందరూ సలహాలిస్తారు. కలిసి ఆలోచించడం మనకు కొత్త కాదు, ఎవరి సలహా వినాలో తేల్చుకునే పద్ధతే కొత్త.

ఇలా చేయండి. మీ ఊరి పటం మీరే గీయండి. ఏటూరునాగారమైతే బస్టాండు, రామన్నగూడెం రేవు, ముల్లకట్ట బ్రిడ్జి, తాడ్వాయి దారి, సంత. కల్పిత నేరం ఒకటి ఎంచుకోండి. వినాయక చవితి చందా పెట్టెలో డబ్బు కనబడలేదు అనుకుందాం. ఆధారాలు 12 రాయండి. 4 అందరికీ చదివి వినిపించండి. మిగతా 8 చీటీలు నలుగురికి రెండేసి పంచండి. ఎవరి చీటీ వారే చదువుకోవాలి, ఇతరులకు చూపకూడదు, నోటితోనే చెప్పాలి.

అసలు కిటుకు ఇక్కడుంది. తాళం మూడు చీటీల్లో ఉండాలి, ఆ మూడూ ముగ్గురి దగ్గర ఉండాలి. ఒకరి చీటీలో కోశాధికారి మాట: "కరెంటు పోయాక టార్చి వెలుగులో లెక్క రాసి, పెట్టెకు తాళం వేసి, హనుమకొండ ఆఖరి బస్సెక్కాను." ఇంకొకరి చీటీలో కరెంటు పోయింది రాత్రి 8:10కి. మూడోవారి చీటీలో ఆ రోజు ఆఖరి బస్సు 7:40కే వెళ్లిపోయింది. ఏ చీటీకి ఆ చీటీ మామూలు మాటే, ఎవరికీ అనుమానం రాదు. మూడూ కలిస్తే కోశాధికారి అబద్ధం బయటపడుతుంది. రాసిన తర్వాత ఒక పరీక్ష పెట్టుకోండి: ఈ మూడింటిలో ఏ ఒక్కటి తీసేసినా కేసు తేలకూడదు. తేలిందంటే ఆ చీటీ పట్టుకున్న మనిషి నోరు విప్పకపోయినా గెలిచేస్తారు, ఆట అవసరమే లేదు. ఆ 8 చీటీల్లోనే దారి తప్పించేవి రెండు ఉండేలా చూడండి, అవి కూడా నిజాలే అయి ఉండాలి. అబద్ధపు ఆధారం పెడితే ఆడేవాళ్లు మీ కేసును ఇక నమ్మరు, అది న్యాయం.

తెలుగు చదవడం రాని పెద్దవాళ్లుంటే పక్కన ఓ పిల్లను కూర్చోబెట్టి చెవిలో చదివించండి. ఇంట్లో కోయ భాష మాట్లాడే పిల్లలుంటే వాళ్ల చీటీ వాళ్ల భాషలోనే చెప్పనివ్వండి, ఇంకొకరు తెలుగులో చెబుతారు. అనువాదానికి పట్టే ఆ నిమిషం వృథా కాదు. ఆ నిమిషం బల్ల అంతా ఒక్క మనిషి ముక్క కోసం ఆగి ఉంటుంది.

ఆట ముగిశాక "ఎలా ఉంది?" అని అడగొద్దు. ఆ ప్రశ్నకు వచ్చే జవాబులు మొదటి పేరాలోనే చూశాం. "నీకు తెలిసి కూడా చెప్పని మాట ఏదైనా ఉందా? ఎందుకు ఆగావు?" అని అడగండి. సిగ్గుపడకుండా జవాబు వచ్చేదాకా ఓపిక పట్టండి. వచ్చిన జవాబుకు వాదించకండి, విని ఊరుకోండి. కూతురి కాలేజీ, నాన్న ఆపరేషన్, పొలం అమ్మకం గురించి మీ ఇంట్లో అందరూ కూర్చున్న రోజున ఎవరు ఎందుకు మౌనంగా ఉంటారో మీకు ఈ జవాబుల్లో దొరుకుతుంది. అప్పుడు ఎవరితో మొదలుపెట్టాలో కూడా తెలుస్తుంది.

మొదటి కేసుకు నలుగురు సరిపోతారు. ఆరుగురైతే రెండు జట్లు చేయండి, ఒకే కేసు ఇవ్వండి, ఆఖర్న జవాబులు పోల్చుకోండి. చీటీలు ఈ వారమే రాయండి. రాసేటప్పుడు మీ ఇంట్లో అందరికన్నా తక్కువ మాట్లాడే మనిషిని తలచుకుని, తాళంలో ఒక ముక్క ఆ మనిషికి దక్కేలా పంచండి.